గేటు దగ్గర పావుగంట

బస్సు డిపోలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. అందరికీ ఊదక్కే. హాజరు పుస్తకంలో ఏదో పేరు ఉండే ఉంటుంది గానీ, ఆ పేరుతో కేకేస్తే ఆమే వెనక్కి తిరిగి చూడదని డ్రైవర్లు పందేలు కాసేవారు.

ఆమె పని గేటు దగ్గర. తెల్లవారి అయిదింటికి మొదటి బండి కదిలేలోపు రేకుల కప్పు కింద బల్ల వేసుకుని కూర్చోవాలి. బండి ఎక్కబోయే ప్రతి డ్రైవరు చేతా ఒక నల్లటి మెషీన్‌లోకి ఊదించాలి. మెషీన్ అరచేతిలో ఇమిడిపోతుంది. దాని కొసకి మనిషికొక కొత్త ప్లాస్టిక్ గొట్టం తగిలిస్తుంది. సున్నా వస్తే పచ్చ దీపం వెలుగుతుంది, బండి తాళం చేతికిస్తుంది. సున్నా కాకుండా ఇంకేం వచ్చినా ఎర్ర దీపం, చెవులు చిల్లులు పడే కూత. ఆ రోజుకి ఆ మనిషికి బండి లేదు.

కోపం ఆమెకు ముక్కు మీదే ఉంటుంది. అలా ఉండటంలో ఆమె తప్పు కూడా పెద్దగా లేదు. రోజూ పొద్దున్నే అన్ని సాకులు వినే ఉద్యోగం మనకిస్తే మన ముక్కు మీద ఇంకేం ఉంటుందో చూడాలి.

"దగ్గు మందు తాగానక్కా" అనేవాడు ఒకడు. "పక్కింటివాడు తాగొచ్చి నా ముఖంలో ముఖం పెట్టి మాట్లాడాడక్కా" అనేవాడు ఇంకొకడు. ఒక మహానుభావుడైతే, "నిద్రలో తాగానేమో, నాకు తెలీదక్కా" అన్నాడు.

"అయితే డ్యూటీ కూడా నిద్రలోనే చేద్దువుగాని. ఇంటికెళ్లి పడుకో నాయనా" అంది ఊదక్క, అతని తాళం కొక్కేనికి తగిలించేస్తూ.

అలాంటి మనిషికి ఆ రోజు పొద్దున్న చేతులు ఆడలేదు. గొట్టాల పెట్టె రెండుసార్లు కింద పడేసింది. టైమ్‌కీపరు తెచ్చిచ్చిన టీ తాగకుండానే చల్లార్చింది. ఎందుకో డిపోలో అందరికీ తెలుసు. పదకొండు నెలల తరవాత ఆమె తమ్ముడు మళ్లీ స్టీరింగ్ పట్టడానికి వస్తున్నాడు. సున్నా వస్తే ఆరింటి బండి అతనిది. రాకపోతే ఇక ఏ డిపోలోనూ డ్రైవరు సీట్లో కూర్చునే యోగం లేదు. పెద్దసారు, అంటే డిపో మేనేజరు, ఆ మాట కాగితం మీద రాయించి మరీ సంతకం పెట్టించుకున్నాడు.

తమ్ముడంటే ఆమె కంటే తొమ్మిదేళ్లు చిన్న. తల్లి పోయాక చంకనేసుకుని పెంచింది ఆమే. వాడు బడి ఎగ్గొడితే జ్వరం వచ్చిందని చీటీ రాసేది. కిటికీ అద్దం పగలగొడితే గాలికి పగిలిందని తండ్రికి చెప్పేది. వాడికి దెబ్బ తగలకుండా చూడటమే ప్రేమ అనుకుంది, అప్పటికి అంతే తెలుసు. పెళ్లయ్యాక, డ్యూటీ దిగి తాగి వస్తున్నాడని మరదలు మొదటిసారి ఏడుస్తూ చెప్పినప్పుడు, "అలసిపోయి వస్తాడు కదమ్మా, నువ్వే కాస్త సర్దుకోవాలి" అన్నదీ ఆమే. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ తన నోరు తనే నొక్కేసుకోవాలనిపిస్తుంది.

డ్రైవరుగా మాత్రం అతనికి వంక పెట్టగలిగినవాడు లేడు. మెత్తకాలు అని పేరు పెట్టారు. అతను బ్రేకు వేస్తే నిలబడ్డ ముసలమ్మ కూడా తూలదు, ఒళ్లో పెట్టుకున్న గిన్నెలోంచి చుక్క తొణకదు. ఆ పేరంటే అక్కకి గర్వం. ఆ గర్వమే కళ్లకి గంతలు కట్టింది. డ్యూటీ దిగాక తాగేవాడు మెల్లగా డ్యూటీ ఎక్కే ముందు కూడా మొదలుపెట్టాడు. పొద్దున్నే చేతులు వణికేవి. ఆ వణుకు ఆగడానికి ఒక్క గుక్క, ఆ గుక్క సరిపోక ఇంకో గుక్క. ఇంట్లో సీసాలు బయటపడకుండా మరదలు దాచేది, డిపోలో మాట బయటపడకుండా అక్క దాచేది. ఇద్దరూ ఒకరికొకరు తెలియకుండా ఒకే ఉద్యోగం చేశారు.

అప్పట్లో ఊదించడం గేటు గదిలో, తెర వెనకాల జరిగేది. దాదాపు ఏడాది కిందట ఒక రోజు పొద్దున తమ్ముడు తెర పక్కకి జరిపి లోపలికి వచ్చాడు. అతను నోరు తెరవకముందే ఆమెకు విషయం తెలిసిపోయింది.

"అక్కా, ఈ ఒక్కసారి" అన్నాడు.

కొత్త గొట్టం తీసి మెషీన్‌కి తగిలించింది. అతని నోటి దాకా తీసుకెళ్లింది. అక్కడినుంచి వెనక్కి తిప్పి, తన నోట్లో పెట్టుకుని తనే ఊదింది. పచ్చ దీపం వెలిగింది. రిజిస్టరులో సున్నా రాసింది. మొత్తానికి తుమ్మడానికి పట్టేంత సేపు కూడా పట్టలేదు.

ఆ పొద్దున ఎనిమిదింటికి బస్సు ఒక బడి ముందు అడ్డంగా ఆగిపోయింది. ఇంజను నడుస్తూనే ఉంది, డ్రైవరు స్టీరింగ్ మీద తల వాల్చి నిద్రపోతున్నాడు. చిన్నపిల్లలు రోడ్డు దాటుతున్న సమయం. కండక్టరు పరుగెత్తుకొచ్చి తాళం లాగేశాడు. ఎవరికీ గోరంత గాయం కాలేదు. బస్సు ముందు చక్రం పక్కన మాత్రం ఒక పిల్ల వాటర్ బాటిల్ దొరికింది, నలిగి రేకులా అయింది. ఆ పిల్ల దాన్ని వదిలేసి అవతలికి పరుగెత్తిందట.

సున్నా వచ్చినవాడు రెండు గంటల్లో ఇలా ఎలా అయ్యాడు? పెద్దసారు రిజిస్టరు చూశాడు, మెషీన్ చూశాడు, మెషీన్ పాడైందని తేల్చేశాడు. బాగుచేయించడానికి పంపించారు. అది తిరిగొచ్చేదాకా ఊదే పని లేదు, ఎవరి బండి వాళ్లు తీసుకుపోవడమే. ఊదక్కకు అంతకంటే సులువైన దారి ఉండదు. నోరు మూసుకుని కూర్చుంటే చాలు. మూడు రోజులు కూర్చుంది. ఆ మూడు రోజులూ గేటు దాటి పోతున్న ఒక్కో బస్సూ ఆమె గుండె మీంచి పోయినట్టే ఉండేది. అన్నం ముందు కూర్చుంటే ఆ వాటర్ బాటిలే కనిపించేది.

మూడో రోజు సాయంత్రం మరదలు వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడింది.

"వదినా, ఒక్క మాట అడుగుతాను. పాడైంది మెషీనా, మీరా?"

ఊదక్క కుర్చీ లాగి ముందుకు జరిపింది. "అదేం మాటమ్మా..."

"నేను ఇంట్లో దాచాను. మీరు డిపోలో దాచారు. ఇద్దరం చెరో చెయ్యీ పట్టుకుని ఆయన్ని ఆ బడి దాకా నడిపించాం. ఇక నావల్ల కాదు వదినా. మీవల్ల అవుతుందా?"

మరదలు అరవలేదు, ఏడవలేదు. చెప్పి వెళ్లిపోయింది. అరిచి ఉంటే ఊదక్క కూడా నాలుగు మాటలు అని తేలికపడి ఉండేది. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

మర్నాడు పొద్దున్నే పెద్దసారు గదిలోకి వెళ్లి, కుర్చీ చూపించినా కూర్చోకుండా మొత్తం చెప్పేసింది. పెద్దసారు బల్ల గుద్దాడు, తల పట్టుకున్నాడు, మళ్లీ బల్ల గుద్దాడు. ఆమెను అయిదు నెలలు బస్సులు కడిగే షెడ్డుకి పంపించాడు. తమ్ముణ్ణి సస్పెండు చేశాడు. వైద్యం చేయించుకుంటే మళ్లీ చూద్దాం, చేయించుకోకపోతే మర్చిపొమ్మన్నాడు.

తమ్ముడు మొదట తనే మానేస్తానన్నాడు. "మందులెందుకక్కా, మనసులో గట్టిగా అనుకుంటే చాలదా?" అన్నాడు. చికిత్స కేంద్రంలో డాక్టరమ్మ వినగానే తల అడ్డంగా ఊపింది. ఇన్నేళ్లు రోజూ తాగిన ఒంటికి ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్సు రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు, ఆపడం కూడా డాక్టరు కళ్ల ముందే జరగాలంది. మొదటి వారం నిజంగానే భయంకరంగా గడిచింది. చెమటతో దుప్పట్లు తడిసిపోయేవి. గోడ మీద లేని పురుగుల్ని చూపించి తీసెయ్యమనేవాడు. ఎనిమిదో రోజు లేచి కూర్చుని, "అక్కా, ఆకలేస్తోంది" అన్నాడు. ఆ మాటకి మరదలూ ఊదక్కా ఒకరి ముఖం ఒకరు చూసుకుని, బడి గొడవ తరవాత మొదటిసారి నవ్వారు.

శనివారాలు ఇంట్లోవాళ్లకి కూడా క్లాసు ఉండేది. తనకెందుకు క్లాసని ఊదక్క ముఖం మాడ్చుకునే వెళ్లింది. తాగింది వాడైతే పాఠం తనకా?

"తమ్ముడు తాగకుండా ఉండటానికి మీరేం చేశారమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ.

ఊదక్క గర్వంగానే లెక్కపెట్టింది. పైవాళ్లకి తెలియకుండా సర్దాను. డ్యూటీలు మార్పించాను. మరదలికి నచ్చజెప్పాను. చివరికి వాడి బదులు నేనే ఊదాను.

"ఇవన్నీ ఆయన నిశ్చింతగా తాగడానికి మీరు చేసిన ఏర్పాట్లమ్మా" అంది డాక్టరమ్మ, ఎంతో మర్యాదగా.

ఊదక్కకి ఒళ్లు మండిపోయింది. మరుసటి శనివారం వెళ్లకూడదనుకుంది. అయినా వెళ్లింది. ఆ తరవాత ఒక్క శనివారం కూడా మానలేదు.

మూడో నెలలో తమ్ముడు ఒకసారి జారాడు. పాత స్నేహితుడి ఇంట్లో రెండు గ్లాసులు తాగాడు. ఊదక్కకి లోకం తలకిందులైనట్టనిపించింది, ఇంత చేసీ బూడిదలో పోసిన పన్నీరైందని డాక్టరమ్మ ముందు భోరుమంది. డాక్టరమ్మ మాత్రం కంగారు పడలేదు.

"జ్వరం తిరగబెడితే మందు మారుస్తాం గానీ రోగిని వీధిలోకి తోసేస్తామా? ఆయన తాగిన సంగతి మీకెవరు చెప్పారు?"

"వాడే. ఫోను చేసి చెప్పాడు."

"ఇదివరకు ఎప్పుడైనా ఆయనంతట ఆయనే చెప్పారా?"

ఊదక్క ఆలోచించింది. ముప్ఫై ఏళ్ల పెంపకంలో వాడు తప్పు చేసి తనంతట తను చెప్పడం అదే మొదటిసారి. దాచడానికి ఎప్పుడూ ఆమే ముందుండేది కదా, చెప్పే అవసరం వాడికి ఎక్కడొచ్చింది? ఆ రోజు నుంచి ఎనిమిది నెలలుగా వాడు చుక్క ముట్టలేదు.

అయిదు నెలలు నిండాక పెద్దసారు ఆమెను పిలిపించాడు. షెడ్డులోనే ఉండిపొమ్మంటాడని తడి చేతులతోనే వెళ్లింది.

"మళ్లీ గేటు దగ్గర కూర్చో" అన్నాడు.

"నన్నా సార్?"

"ఆ మెషీన్‌ని ఎలా మోసం చెయ్యొచ్చో ఈ డిపోలో నీకు తెలిసినంతగా ఎవరికీ తెలీదు. ఇంకెవర్ని కూర్చోబెట్టమంటావ్?"

ఊదక్క కూర్చుంది గానీ మూడు షరతులు పెట్టింది. తెర పీకించి బల్ల బయట వేయించింది, ఊదేవాళ్లంతా గేటుకేసి తిరిగి అందరి ముందూ ఊదాలంది. అయినవాళ్లకి అయినవాళ్లు మెషీన్ పట్టకూడదంది. మూడోది వింటే పెద్దసారుకే మింగుడుపడలేదు. గోడ వారగా పసుపు రంగు వేసిన బెంచీ ఒకటి పడేయించింది. తన వంతు రాకముందే ఎవరైనా "అక్కా, ఈవేళ పక్కకి జరుగుతాను" అని ఆ బెంచీ మీద కూర్చుంటే, అతన్ని ఊదమనకూడదు, ఎర్ర సిరాతో రాయకూడదు. ఆ రోజుకి షెడ్డులో పని, మధ్యాహ్నం డాక్టరమ్మ దగ్గరికి చీటీ. బెంచీ మీద కూర్చోకుండా వచ్చి ఊది పట్టుబడితే మాత్రం పాత శిక్షే.

"తాగొచ్చి కూర్చుంటే శిక్ష లేదా? ఇది బస్సు డిపోనా, అత్తగారిల్లా?" అన్నాడు పెద్దసారు.

"శిక్షకి భయపడి ఇన్నాళ్లూ వీళ్లేం చేశారు సార్? దాచారు. నేను కూడా దాచాను."

మొదటి నెలలో ఆ బెంచీ మీద కాకులు తప్ప ఎవరూ వాలలేదు. రెండో నెలలో ఒక పెద్ద డ్రైవరు, రిటైరు కావడానికి దగ్గర పడ్డవాడు, అందరూ చూస్తుండగా వెళ్లి కూర్చున్నాడు. వరసలో కిసుక్కుమని నవ్వినవాణ్ణి ఊదక్క చూసిన చూపుకి వాడి పళ్లు లోపలికి పోయాయి. ఆ తరవాత ఒక్కరొక్కరుగా అలవాటైంది. ఇప్పుడు కొత్తగా చేరే డ్రైవర్లకి మొదటి రోజు మొదటి గంట ఊదక్కదే. మెషీన్ గురించి చెప్పదు. తన నోట్లో గొట్టం పెట్టుకున్న పొద్దున గురించి చెబుతుంది, వాటర్ బాటిల్‌తో సహా. మొదటిసారి చెప్పినప్పుడు సగంలోనే లేచి బయటికి వెళ్లిపోయింది. ఇప్పుడు చివరిదాకా చెబుతుంది.

ఇదిగో, ఇంత జరిగాక వచ్చింది ఈ పొద్దున.

అయిదు ముప్పావు కాకముందే తమ్ముడు గేట్లోకి వచ్చాడు. ఇస్త్రీ మడతలు నలగని యూనిఫాం, నున్నగా గీసిన గడ్డం, ఎడమ బుగ్గ మాత్రం కాస్త ఉబ్బి ఉంది. మొన్న దవడ పన్ను పీకించుకున్నాడు. అక్కకేసి చూసి నవ్వబోయి, నొప్పి పుట్టి మానేశాడు.

షరతు ప్రకారం మెషీన్ పట్టాల్సింది టైమ్‌కీపరు. అతన్ని అరనిమిషం అంటారు, ఏం అడిగినా "అరనిమిషంలో అయిపోతుంది" అంటాడు కాబట్టి. ఊదక్క కుర్చీ పక్కకి లాక్కుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అరనిమిషం కొత్త గొట్టం తగిలించాడు. తమ్ముడు గేటుకేసి తిరిగి ఊదాడు.

ఎర్ర దీపం వెలిగింది. మెషీన్ కూసింది. సున్నాకి ఆమడ దూరంలో ఉందా అంకె.

ఎనిమిది నెలలు, అనుకుంది ఊదక్క. మరదలి ముఖం ఎదురుగా వచ్చి నిలబడింది. ఏం చెప్పాలి ఆ పిల్లకి?

కూత ఆగింది. అప్పుడొక విచిత్రం జరిగింది. వరసలో ఉన్న నలుగురు డ్రైవర్లూ, పైన ఏదో విమానం పోతున్నట్టు ఒకేసారి తలలు పైకెత్తారు. ఆకాశంలో ఏమీ లేదు. అరనిమిషం మెషీన్ బల్ల మీద ఆమె చేతికి అందేంత దగ్గరగా పెట్టి, దాని పక్కనే కొత్త గొట్టం ఒకటి పెట్టి, తను అటు తిరిగాడు.

"మెత్తకాలు తాగలేదక్కా, నాకు తెలుసు. మేమెవరం ఇటు చూడం. అరనిమిషంలో అయిపోతుంది" అన్నాడు గొణుగుతున్నట్టు.

వాళ్లది మంచి మనసే, అందులో అనుమానం లేదు. ఇంతమంది మంచి మనసుతో ఆమె చేతికి అదే పాత గొట్టం అందించారు. ఆమె చెయ్యి కదలలేదని చెబితే అబద్ధమవుతుంది. కదిలింది. వేలు గొట్టానికి తగిలింది కూడా. వాడు నిజంగా తాగకపోతే? ఒక్క మెషీన్ కూతకి పదకొండు నెలల కష్టం కొట్టుకుపోతే?

ఆమె తల ఎత్తి తమ్ముడికేసి చూసింది. పాత రోజుల్లో అయితే ఈపాటికి ఒట్ల మీద ఒట్లు వేసేవాడు, పిల్లల మీద ప్రమాణం చేసేవాడు. ఇప్పుడు ముఖం పాలిపోయి ఉంది గానీ కళ్లు దించలేదు.

"రాయక్కా" అన్నాడు. "ఏ అంకె వచ్చిందో అదే రాయి."

ఊదక్క పెన్ను తీసుకుంది. తమ్ముడి పేరుకి ఎదురుగా, ఎర్ర సిరాతో, వచ్చిన అంకెను వచ్చినట్టు రాసింది. గీత వంకర పోయింది. రాయడం అయ్యాకే నోరు తెరిచింది.

"ఊదే ముందు నోట్లో ఏం పోసుకున్నావు?"

"ఏమీ లేదక్కా. టీ కూడా తాగలేదు." కాస్త ఆగి, జేబులోంచి చిన్న సీసా తీశాడు. "ఇదొకటి. పళ్ల డాక్టరు పుక్కిలించమన్నాడు. గేటు బయట పుక్కిలించి వచ్చాను, రక్తం వాసన వస్తోందని."

సీసా తీసుకుని, కళ్లజోడు నుదుటి మీంచి దించి, చీమ తలంత అక్షరాలు చదివింది. అందులో ఆల్కహాలు ఉంది, ఉండాల్సిన దానికంటే ఘనంగానే ఉంది. నోట్లో అంటుకున్నదైతే నీళ్లతో కడిగి పావుగంట ఆగితే పోతుంది. కడుపులోకి వెళ్లినదైతే పావుగంటకి కాదు కదా, పూటకి కూడా పోదు. మెషీన్‌తో వచ్చిన పుస్తకంలో ఆ మాట ఉంది, రెండోసారి ఊదించాలని కూడా ఉంది.

"నీళ్లతో పుక్కిలించు. ఆ పసుపు బెంచీ మీద కూర్చో. పావుగంట. నోట్లో ఏమీ వెయ్యకు."

"ఆరింటి బండి ఆలస్యమవుతుందక్కా" అన్నాడు అరనిమిషం.

"అవ్వనీ."

ఆ పావుగంట ఆమె బతుకులో అన్నిటికంటే పొడుగు. మిగతా నలుగురి చేతా ఊదించింది, తాళాలు ఇచ్చింది, కళ్లు మాత్రం గోడ గడియారం మీదే. సీసా చూడగానే ఊరట కలగాలి కదా, కలగలేదు. ఎందుకంటే ఆమెకు తమ్ముడి చరిత్ర తెలుసు. వాసన చంపడానికి తాగినవాళ్లు పుక్కిలించేదీ ఇలాంటి మందులే. సీసా ఉన్నంత మాత్రాన తాగలేదని అర్థం కాదు. నమ్మాలని ప్రాణం కొట్టుకుంటోంది. నమ్మి నమ్మి ఒకసారి ఎక్కడిదాకా వెళ్లిందో కూడా గుర్తుంది. వాణ్ణి నమ్మలేకపోతున్నందుకు ఏడుపొచ్చింది, ఏడిస్తే వాడు చూస్తాడని ఆపుకుంది.

తమ్ముడు బెంచీ మీద మోకాళ్ల మధ్య చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. గేటు అవతల ఆరింటి బస్సు కోసం జనం గొణుగుతున్నారు. ఒకాయన గడియారం చూసుకుని డిపో మొత్తాన్ని తిట్టాడు. తిట్టనీ, అనుకుంది ఊదక్క. తిట్టేవాళ్లు క్షేమంగా ఉన్నారు కదా.

పావుగంట పూర్తయింది. ఇంకో నిమిషం కూడా ఆగింది, ఎందుకైనా మంచిదని. తమ్ముడు లేచి వచ్చి గేటుకేసి తిరిగి నిలబడ్డాడు. ఈసారి ఎవరూ ఆకాశంలోకి చూడలేదు. తాళాలు చేతుల్లో పట్టుకున్న నలుగురూ బండ్లు ఎక్కకుండా మెషీన్‌కేసే చూస్తున్నారు. అరనిమిషం గొట్టం మార్చి పట్టుకున్నాడు. తమ్ముడు బుగ్గ నొప్పిని ఓర్చుకుంటూ, ఊపిరి మొత్తం పెట్టి ఊదాడు.

పచ్చ దీపం. సున్నా.

"సున్నా!" అని అరనిమిషం ఎగిరి గంతేసి, మెషీన్ జారిపోబోతే పట్టుకుని, మళ్లీ "సున్నా!" అన్నాడు. ఎవడో ఈల వేశాడు. ఊదక్కకి రొమ్ము మీంచి బండరాయి దొర్లిపోయినట్టుంది. కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు. తరవాత, ఆమె ఊదక్కే కాబట్టి, కోపం వచ్చింది.

"నీకు బుద్ధుందా? కనపడిన ప్రతి డాక్టరుకీ నీ సంగతి చెప్పమని డాక్టరమ్మ లక్షసార్లు చెప్పిందా లేదా? పళ్ల డాక్టరుకి చెప్పావా?"

"లేదక్కా" అన్నాడు నేల చూస్తూ. "సిగ్గేసింది."

"తాగినప్పుడు వెయ్యని సిగ్గు, మానేశానని చెప్పడానికేసిందా? ఇలా ఇవ్వు ఆ సీసా. సాయంత్రం వెళ్లి ఆల్కహాలు లేనిది రాయించుకో."

సీసా బల్ల సొరుగులో వేసింది. కొత్తవాళ్ల క్లాసులో పనికొస్తుంది. రిజిస్టరులో ఎర్ర అంకె పక్కనే నీలం సిరాతో సున్నా రాసి, రెంటి కిందా టైము వేసి, సీసా సంగతి రెండు ముక్కల్లో రాసింది. ఎర్ర అంకె కొట్టెయ్యమని అరనిమిషం అన్నాడు గానీ ఆమె వినలేదు. అది కూడా జరిగిందే కదా. తమ్ముడికి తాళం ఆమె ఇవ్వలేదు, అరనిమిషం చేతే ఇప్పించింది. షరతంటే షరతు.

ఆరింటి బండి ఎనిమిది నిమిషాలు ఆలస్యంగా కదిలింది. అది గేటు దాటగానే మరదలికి ఫోను చేసింది.

"వదినా?" అంది మరదలు, మొదటి గంటకే ఎత్తి.

"సున్నా వచ్చిందమ్మా. రెండోసారికి. మొదటిసారి ఏమైందో ఇంటికొచ్చాక వాణ్ణే చెప్పమను. నేను చెప్పను."

అవతల ముక్కు చీదిన శబ్దం, ఆ వెంటనే నవ్వు వినిపించింది.

మధ్యాహ్నం పన్నెండింటికి ఊదక్క డ్యూటీ దిగింది. రోజూ నడిచే ఇంటికి వెళుతుంది. ఆ రోజు గేటు బయట స్టాపులో నిలబడింది. తమ్ముడి బస్సు వచ్చి ఆగింది. పాత రోజుల్లో ఆ బస్సు ఎక్కితే ఎప్పుడూ డ్రైవరు వెనకాలే నిలబడేది, అద్దంలో వాడి కళ్లు చూస్తూ, కమ్మీ పట్టుకున్న చేతికి చెమటలు పడుతుంటే. సీటు ఖాళీగా ఉన్నా కూర్చునేది కాదు. ఇప్పుడు నేరుగా వెనక్కి నడిచి, చివరి వరసలో కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదిలింది. బ్రేకు పడింది, ఎవరూ తూలలేదు. ఎండ ఒళ్లో పడుతోంది. ఆమె ఇల్లు అయిదో స్టాపు.

ఎవరో భుజం తట్టి లేపారు. కళ్లు తెరిస్తే కండక్టరు. బస్సంతా ఖాళీ, కిటికీలోంచి ఆఖరి స్టాపు బోర్డు కనిపిస్తోంది. చెంప మీద కిటికీ చువ్వ అచ్చు పడింది.

"మీ స్టాపు దాటి అరగంటయిందక్కా. లేపుదామంటే డ్రైవరు వద్దన్నాడు" అన్నాడు కండక్టరు.

ముందు సీట్లోంచి తమ్ముడు ఉబ్బిన బుగ్గతో వెనక్కి తిరిగి చూస్తున్నాడు. "నా బండిలో నువ్వు నిద్రపోవడం ఇదే మొదటిసారక్కా" అన్నాడు.

"అయితే ఏమైందిరా? ఎలాగూ వెనక్కి వెళతావుగా" అంది ఊదక్క, మళ్లీ తల కిటికీకి ఆనించి కళ్లు మూసుకుంటూ. "మా స్టాపు రాగానే లేపు."